డి.బి., ఐ.బి., ఆర్.ఎఫ్.: టోపోషీటు మూలానికి టీకా తాత్పర్యం

మూలం:
పి.ఓ., పి.టి.ఓ., పి.ఎస్., డి.బి., ఐ.బి.,
ఆర్.హెచ్., సి.హెచ్., సి.జి., ఆర్.ఎఫ్., పి.ఎఫ్.

అవతారిక: సర్వే ఆఫ్ ఇండియా వారు మైలుకు అంగుళం చొప్పున గీసి అచ్చువేసిన పాత టోపోషీట్ల నుంచి ఏరి కూర్చిన మూలమిది. ఛందస్సు లేదు, యతిప్రాసలు లేవు, వెతికినా ఒక్క క్రియాపదం దొరకదు. అయినా కావ్యలక్షణం ఒకటుంది. దీనికో నాయకుడున్నాడు. అతని పేరు మూలంలో ఎక్కడా రాదు గానీ, అతణ్ణి పట్టుకోనిదే ఒక్క అక్షరమూ సరిగ్గా అన్వయం కాదని ఈ టీకాకారుడి పక్షం.

ప్రతిపదార్థం: పి.ఓ. = తపాలా ఆఫీసు; పి.టి.ఓ. = తపాలా, తంతి రెండూ ఉన్న ఆఫీసు (కాగితం తిప్పి చూడమని కాదు); పి.ఎస్. = పోలీసు ఠాణా; డి.బి. = డాక్ బంగళా; ఐ.బి. = ఇన్‌స్పెక్షన్ బంగళా; ఆర్.హెచ్. = రెస్టు హౌసు; సి.హెచ్. = సర్క్యూట్ హౌసు; సి.జి. = గుడారాలు వేసుకునే మైదానం; ఆర్.ఎఫ్. = రిజర్వు అడవి; పి.ఎఫ్. = రక్షిత అడవి. పది పదాల్లో అయిదు, అంటే సరిగ్గా సగం, రాత్రికి ఎక్కడ పడుకోవాలన్న ఒక్క ప్రశ్నకే జవాబు. ఊరివాడికి ఆ ప్రశ్న రాదు, అతనికి ఇల్లుంది. బాటసారికి వస్తుంది గానీ అతని సత్రానికి ఇక్కడ అక్షరం లేదు. కనుక నాయకుడు క్యాంపు మీద తిరిగే దొర. పగలు తనిఖీ, సాయంత్రం బంగళా, అక్కడి నుంచి ఉత్తరం, తొందరైతే తంతి, అవసరమైతే ఠాణా. మూలాన్ని ఈ వరసలో చదివితే అన్వయక్లేశం ఉండదు.

ఇక్కడ పూర్వపక్షి అడ్డుతగులుతాడు: “ఇంత ఊహ ఎందుకు? చోటు చాలక పొడి అక్షరాలు వేశారు, అంతే.” చోటు చాలకపోవడం నిజమే. అయితే మాటను ఎందుకు కుదించారన్నదానికే అది సమాధానం, ఏ మాటను కుదించారన్నదానికి కాదు. మాటిమాటికీ వచ్చేదాన్ని కుదించడమే న్యాయమైతే, ఊరూరా ఉండే కమ్మరి కొలిమికి మొదటి అక్షరం దక్కాలి. దానికి దక్కలేదు. జిల్లాకు ఒకటి ఉంటే గొప్ప అనిపించే సర్క్యూట్ హౌసుకు దక్కింది. ఇంగ్లండు ఆర్డ్‌నెన్స్ సర్వే పాత షీట్లు చూస్తే, అదే మైలుకు అంగుళం కొలతలో సత్రమూ కమ్మరి కొలిమీ కనిపిస్తాయి. పెద్ద కొలత పటాల్లోనైతే చేతిపంపుకు కూడా ఒక అక్షరముంది. అక్కడ ఆర్.హెచ్. అంటే సర్కారీ బస కూడా కాదు, కంచెమొక్కల మొదలు. సరిహద్దు ఆ మొదలు నుంచి ఎన్ని అడుగుల్లో ఉందో చెప్పే గుర్తు. పొలంగట్టు తగాదా పడేవాడు అక్కడ పాఠకుడు, ఇక్కడ కాదు. మన షీటు మీది ఆర్.హెచ్.కు ఆ అర్థం చెప్పుకుంటే బంగళా మాయమై కంచె మిగులుతుంది.

ఇక చివరి రెండు పదాల దగ్గర టీకాకారుడు కాస్త నిలవాలి. రిజర్వు, రక్షిత అనేవి పర్యాయపదాల్లా వినిపిస్తాయి గానీ చట్టంలో తలకిందులు. మొదటిదానిలో అనుమతించినవి తప్ప అన్నీ నిషిద్ధం; రెండోదానిలో నిషేధించినవి తప్ప అన్నీ చెల్లుతాయి. ఒక్క అక్షరం తేడాతో మేకల మంద నేరస్థుల గుంపవుతుంది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం వచ్చాక మన్యంలో పోడుకూ స్వేచ్ఛగా తిరగడానికీ అడ్డంకులు పెరిగాయి. ఆ అసంతృప్తిని కూడగట్టి అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాల మీద దాడిచేసి తుపాకులు పట్టుకుపోయాడు. ఆర్.ఎఫ్. మీది కోపం పి.ఎస్. మీద తీరిందన్నమాట. ఆ రెండు గుర్తుల మధ్య సంబంధాన్ని ఏ వ్యాకరణమూ చెప్పదు, కొండవాళ్లు మాత్రం సరిగ్గానే అన్వయించుకున్నారు.

“గుళ్లకూ మసీదులకూ బొమ్మలున్నాయి కదా, ఊరివాళ్లను పూర్తిగా మరిచారనడం అన్యాయం” అని మరో ఆక్షేపణ. బొమ్మలున్న మాట నిజం. కానీ గోపురం దూరానికి కనిపిస్తుంది, దిక్కు చెబుతుంది. సర్వేయరుకు అది భక్తికన్నా ముందు పనిముట్టు. 1808లో తంజావూరు పెద్దగుడి గోపురం మీదికి సర్వేయరు లాంబ్టన్ తన భారీ థియోడొలైటును (కోణాలు కొలిచే యంత్రాన్ని) ఎక్కిస్తుండగా అది గోడకు కొట్టుకుని దెబ్బతిన్నది. దొర అక్కడికి ప్రదక్షిణకు రాలేదు.

మిగిలిన ఆక్షేపణ గట్టిది. కుమ్మరిపాలెం, సాలిపేట వంటి పేర్లు పటంలో నిండుగా అచ్చయ్యాయి, వృత్తులు లేవనడం ఎలా? ఒప్పుకోవలసిందే. అయితే ఆ పేర్లను సర్వేయరు ఎంచుకోలేదు. ఊరివాళ్లు చెప్పారు, అతను రాసుకున్నాడు. పైగా ఊరిపేరు ఎప్పుడో అక్కడ ఎవరున్నారో చెబుతుందే తప్ప, షీటు అచ్చయిన ఏడాది ఆవం ఏ వీధి చివర కాలుతున్నదో చెప్పదు. టోపోషీటు మడిచి, ఆ గ్రామపు ఎఫ్.ఎం.బి. (పొలాల కొలతల పుస్తకం), అడంగలు (సాగు లెక్కల రిజిస్టరు) తెరిచినా అది తేలుతుందని కాదు. వాటి పొడి అక్షరాలకు నాయకుడు వేరు: శిస్తు వసూలు చేసేవాడు.