గేదె మనది, గిన్నె వాళ్లది

పాడి వ్యాపారంలో ఇంత తెలివి ఇంకెవరికీ తట్టలేదు. గేదె మనది, గడ్డి మనది, పాలు పితికేది మనం, వెన్న శాతం చూసేదీ మనమే. ఎదురింటాయన ఖాళీ గిన్నె పట్టుకొచ్చి, పాలు అందులో పోయించుకుని, మూత పెట్టి, తిరిగి మనకే అమ్ముతాడు. పైగా తన గిన్నెలో పడ్డాకే ఆ పాలకు పరువొచ్చిందంటాడు. అవునవునని మనం తలూపుతాం. పరిశోధన పత్రికల వ్యాపారం అచ్చం ఇదే. ప్రొఫెసర్ జీతం, ల్యాబు, అందులోని రసాయనాలు చాలావరకు ప్రజల డబ్బే. వ్యాసం రాసినందుకు పత్రిక పైసా ఇవ్వదు. అది నిలబడుతుందో లేదో తేల్చే సమీక్షకుడు మరో ప్రొఫెసర్. ఆయనకు దక్కేది మహా అయితే ఓ థాంక్స్ మెయిలు. అచ్చుకు ముందు చాలా పత్రికలు కాపీరైట్ బదిలీ పత్రం మీద సంతకం చేయించుకుంటాయి. ఆ తర్వాత అదే వ్యాసాన్ని నెట్‌లో వెతికితే కనిపించేది నాలుగు వాక్యాల సారాంశం, దాని కింద తాళం బొమ్మ, ఆ కింద ధర: 39.95 యూరోలు. తొమ్మిది పేజీల పీడీఎఫ్‌కు దాదాపు నాలుగు వేల రూపాయలు! అందులో రాసినవాడి వాటా సున్నా.

దీనికి మన సర్కారు కనిపెట్టిన మందు పేరు 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్'. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు, 30 మంది ప్రచురణకర్తలు, దాదాపు 13,000 పత్రికలు, 6,300కు పైగా ప్రభుత్వ సంస్థలు. మారుమూల ప్రభుత్వ కాలేజీ విద్యార్థికి ఐఐటీ విద్యార్థి చదివే పత్రికే అందడం చిన్న సంగతి కాదు, ఆ మేరకు మెచ్చుకోవాల్సిందే. అయితే లెక్క వేస్తే గిన్నె అద్దె రోజుకు సుమారు అయిదున్నర కోట్లు. మూడేళ్లు నిండగానే మళ్లీ బేరానికి కూర్చోవాలి. ఇక ఆ పేరులోని 'నేషన్' మొదటి దశలో ప్రభుత్వ సంస్థల ప్రహరీ గోడ దగ్గరే ఆగిపోయింది. తెలుగు రాష్ట్రాల్లో ఇంజినీరింగ్ చదివేవాళ్లలో ఎక్కువమంది ప్రైవేటు కాలేజీల్లోనే ఉన్నారు. వాళ్లు గోడకు అవతల. సొంత క్లినిక్ నడిపే డాక్టరు, రిటైరైన లెక్చరరు, పురుగుమందు మీద వార్త రాయాల్సిన విలేకరి కూడా అవతలే. వీళ్లంతా పన్నులు కట్టేటప్పుడు మాత్రం దేశంలో భాగమే.

మూత తీసేస్తే పాలు విరిగిపోతాయని పెద్దల భయం. ఉచితంగా తెరిచిపెడితే చెత్త పోగవుతుందని, కావాలంటే హైదరాబాదునే చూడమని అంటారు. నిజమే. అక్కడ పుట్టిన, చదివేవాళ్లకు ఉచితంగా పత్రికలు వేసే ఓమిక్స్ సంస్థ సమీక్ష విషయంలోనూ, రుసుముల విషయంలోనూ పరిశోధకులను మోసం చేసిందని అమెరికా కోర్టు 2019లో 5 కోట్ల డాలర్లు కట్టమంది. సిగ్గుపడాల్సిన సంగతే. కానీ తాళం వేసిన ఇంట్లో దొంగలు లేరా? తాళం వేసే ప్రచురణ సంస్థల్లో ఒకటైన ఎల్సెవియర్ ఆస్ట్రేలియా విభాగం 2000 నుంచి 2005 దాకా మందుల కంపెనీల సొమ్ముతో, పరిశోధన పత్రికల్లా కనిపించే ఆరు ప్రచురణలు వేసిందని 2009లో బయటపడింది. మంచీ చెడూ తేల్చేది సమీక్ష. తాళానికీ దానికీ సంబంధం లేదు. ఆ సమీక్ష చేసేది ఎలాగూ జీతం లేని మన ప్రొఫెసరే.

మరి ఖర్చు ఎవరు భరించాలన్నది ఇంకో ప్రశ్న. సంపాదకులకు, సర్వర్లకు డబ్బు కావాలి, కాదనలేం. ప్రచురణకర్తలు దానికీ ఓ దారి చూపించారు: చదివేవాడికి ఉచితం, రాసేవాడికి బిల్లు. 'నేచర్' పత్రిక 2020లో ప్రకటించిన రేటు వ్యాసానికి 9,500 యూరోలు. కచేరీకి టికెట్ ఎత్తేశాం, పాడేవాళ్లే కొనుక్కోండి అన్నట్టుంది. వేరే దారి లేదనుకుంటే పొరపాటు. 1991లో భౌతిక శాస్త్రవేత్త పాల్ గిన్స్‌పార్గ్ మొదలుపెట్టిన ఆర్కైవ్ (arXiv) అనే వెబ్ భాండారంలో ఇవాళ 20 లక్షలకు పైగా వ్యాసాలున్నాయి. పెట్టడానికీ చదవడానికీ పైసా అక్కర్లేదు. గణితంలో పేరుమోసిన చిక్కు ప్రశ్న పాంకరే ప్రతిపాదన రుజువును రష్యన్ గణితవేత్త గ్రిగొరీ పెరెల్మాన్ 2002, 2003ల్లో అక్కడే పెట్టి ఊరుకున్నాడు, ఏ పత్రికకూ పంపలేదు. గణితంలో పెద్ద గౌరవమైన ఫీల్డ్స్ పతకం ఇస్తామంటే వద్దన్నాడు, ఆ రుజువుకు ప్రకటించిన బహుమతి పది లక్షల డాలర్లూ వద్దన్నాడు. అదే మనిషి మన యూనివర్సిటీలో ప్రమోషన్ ఇంటర్వ్యూకు వస్తే కమిటీ ఫైలు తిరగేసి, ఈ రుజువు పేరున్న పత్రికలో రాలేదు, పాయింట్లు సున్నా, వచ్చేసారి ప్రయత్నించండి అని పంపించేస్తుంది. గిన్నె మీద పేరు చూసి పాలకు మార్కులేసే ఈ పద్ధతి ఉన్నంతకాలం ఎదురింటాయనకు ఢోకా లేదు.

కాబట్టి తాళం తీయాల్సింది మన బీరువాదే. ప్రభుత్వ నిధులతో రాసిన వ్యాసం ఆమోదం పొందిన రోజే, రచయిత దగ్గరున్న ప్రతిని వర్సిటీ వెబ్ భాండారంలో పెట్టాలి, పెట్టినదాన్నే ప్రమోషన్‌కు లెక్కించాలి. ఇదేం కొత్త ఊహ కాదు. కేంద్ర శాస్త్ర, సాంకేతిక శాఖ, బయోటెక్నాలజీ శాఖ కలిసి 2014లోనే ఇలాంటి విధానం ప్రకటించాయి. పీహెచ్‌డీ గ్రంథాలు శోధ్‌గంగ అనే వెబ్ భాండారంలో అందరికీ ఉచితంగా దొరుకుతూనే ఉన్నాయి, ఆ గంగకు ఎవరూ టికెట్ పెట్టలేదు. మరో ఉదాహరణ: భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు, సహ పరిశోధకుడు ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి రాసింది 1925లో. దాన్ని అచ్చువేసిన 'జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ' ఇప్పుడు పూర్తిగా తెరిచే ఉంది. భీమవరంలో ఇంటర్ కుర్రాడు ఫోన్లోనే చదువుకోవచ్చు. వందేళ్ల కిందటి పాలు ఎవరైనా తాగొచ్చు. ఇవాళ మన గేదె ఇచ్చినవి తాగాలంటే మాత్రం ఎదురింటాయన్ని అడగాలి.