అర మిల్లీమీటరు అభివృద్ధి

ల్యాప్‌టాప్ అమ్మేవాళ్లకు అంకెలంటే మహా ప్రీతి. మందం ఇన్ని మిల్లీమీటర్లు, బరువు ఇన్ని గ్రాములు, తెర ఇన్ని అంగుళాలు, ఒకసారి చార్జింగ్ పెడితే ఇన్ని గంటలు. కీబోర్డు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అంకెలు అయిపోయి విశేషణాలు మొదలవుతాయి: సౌకర్యవంతం, సుకుమారం, అద్భుతం. యంత్రం మొత్తంలో మనిషి వేళ్లు పొద్దస్తమానం తగిలి ఉండే భాగం అదే. షాపులో దాన్ని పరీక్షించే శాస్త్రీయ పద్ధతి ఏమిటంటే, నిలబడే నాలుగు కీలు టకటకలాడించి ‘బాగానే ఉంది’ అనుకోవడం. మందం సంగతి అలా కాదు, పక్కనుంచి ఒక్క చూపు చాలు. కొనే పది నిమిషాల్లో కంటికి కనబడేదానికీ, వాడే నాలుగైదేళ్లలో వేలికి తగిలేదానికీ పోటీ వచ్చినప్పుడు కంపెనీ కంటి పక్షం తీసుకుంటుంది. వేలు గోలపెట్టి, గోల కోర్టుదాకా వెళ్లాక, తీసేసినదాన్నే తిరిగి తెచ్చి అదీ కొత్త సరుకేనని అమ్ముతుంది. కీబోర్డులు ఎందుకిలా మారుతున్నాయని బుర్ర బద్దలుకొట్టుకునేవాళ్లకు ఇంతకంటే పెద్ద రహస్యమేమీ లేదు.

2015 మార్చిలో యాపిల్ సంస్థ 12 అంగుళాల మ్యాక్‌బుక్‌ను ప్రకటించింది. మందం 13.1 మిల్లీమీటర్లు. అంత పల్చగా చేయాలంటే ఎక్కడో ఒకచోట కోత పడాలి, ఆ కోత కీల కింద పడింది. అంతకుముందు ప్రతి కీ కిందా కత్తెరలా ఒకదాన్నొకటి దాటే రెండు ప్లాస్టిక్ ముక్కలుండేవి. వాటి స్థానంలో రెక్కల్లా విప్పుకొనే అమరిక పెట్టి సీతాకోకచిలుక అని పేరు పెట్టారు. పాతదానికంటే ఇది 40 శాతం పల్చన, నాలుగు రెట్లు స్థిరం అని వేదికమీద చెప్పారు. రెండూ నిజమే కావచ్చు. కీ కిందికి దిగే లోతు దాదాపు అర మిల్లీమీటరుకు వచ్చేసింది. ఇదివరకు బిస్కెట్ పొడి రాలినా కీ కింద దానికీ కాస్త చోటుండేది, ఇద్దరూ సర్దుకుపోయేవారు. ఇప్పుడు నలుసు దూరితే కీ అసలు నొక్కుకోదు, లేదంటే ఒక్కసారి నొక్కితే రెండక్షరాలు పడతాయి. మరుసటి ఏడాది ఈ అమరికనే మ్యాక్‌బుక్ ప్రోలకూ ఎక్కించారు. పనిలో పనిగా ఖరీదైన మోడళ్లలో పై వరుస కీలన్నీ, ఎస్కేప్‌తో సహా, పీకేసి అక్కడ టచ్ బార్ అనే మెరిసే పట్టీ అతికించారు. చూడకుండా నొక్కడం అలవాటైన కీల స్థానంలో, చూస్తే తప్ప ఎక్కడుందో తెలియని కీలు వచ్చాయి. ప్రోగ్రాములు రాసేవాళ్లలో కొందరికి ఎస్కేప్ కీ లేకపోతే ఉన్న ఫైలులోంచి బయటపడే దారే ఉండదు. ప్రో అన్న మాట ఆ యంత్రం మీద వాళ్లకోసమే రాశారు.

ఇక నివారణోపాయం. కీ పనిచేయకపోతే ల్యాప్‌టాప్‌ను 75 డిగ్రీల కోణంలో ఎత్తి పట్టుకుని, డబ్బాలో బంధించిన గాలిని ఎడమనుంచి కుడికి చిమ్మాలి, తర్వాత దాన్ని కుడిపక్కకు తిప్పి మళ్లీ చిమ్మాలి, ఆ తర్వాత ఎడమపక్కకు అని కంపెనీయే బొమ్మలు వేసి మరీ చెప్పింది. కోణమానిని పెట్టెలో పెట్టి ఇవ్వలేదు. దుమ్ము అనేది భూమ్మీద ఉంటుందన్న సంగతి రూపకల్పన బల్ల దగ్గర ఎవరూ ప్రస్తావించలేదో, ప్రస్తావించినా మిల్లీమీటర్ల ముందు వీగిపోయిందో మనకు తెలియదు. వేసవిలో మన ఊళ్లలో వీచే గాలిని తలుచుకుంటే ఆ 75 డిగ్రీల దగ్గరే జీవితం గడిచిపోయేలా ఉంది.

2019 మార్చిలో వాల్ స్ట్రీట్ జర్నల్ కాలమిస్టు జోవన్నా స్టెర్న్ ఈ కీబోర్డుమీద ఒక వ్యాసం రాశారు. మొరాయించిన తన కీలు ఎలా వదిలేశాయో అలాగే, ఇంగ్లిష్ ‘ఈ’, ‘ఆర్’ అక్షరాలు లేకుండా ప్రచురించారు. ఇంగ్లిష్ వాళ్లకు అది కొంచెం తడుముకుంటూ చదివే తమాషా. అవే రెండు కీలు తెలుగులో పోతే ఏమవుతుందో చూడండి. ప్రభుత్వ ప్రమాణమైన ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో టైపు చేసేవాళ్లకు ఆ ‘ఈ’ మీద ఆకారపు దీర్ఘం, ‘ఆర్’ మీద ఈకారపు దీర్ఘం ఉంటాయి. అవి రెండూ నోరు మూసుకుంటే తాత ‘తత’ అవుతాడు, రాజీనామా ‘రజనమ’ అవుతుంది, ఈ కాలమ్ కాస్తా ‘కలమ్’ అవుతుంది. ‘మా కీబోర్డు బాగాలేదు’ అని సర్వీస్ సెంటర్‌కు రాస్తే ‘మ కబోర్డు బగలేదు’ అని చేరుతుంది, వాళ్లు వడ్రంగిని పంపినా తప్పు పట్టలేం. పక్కనే ఉన్న ‘డి’ కీ కూడా పోయిందంటే పొల్లు పోయి, దాంతోపాటు ఒత్తులన్నీ పోతాయి. అప్పుడు డబ్బు వాపసు ఇమ్మని అడగడం కూడా కుదరదు.

ఇన్ని జరుగుతున్నా కంపెనీ నోట ఒకటే మాట: బాధితులు బహు కొద్దిమంది. 2018 జూన్‌లో ఉచిత మరమ్మతు పథకం ప్రకటించినప్పుడూ సమస్య కొద్దిశాతం కీబోర్డులదే. 2019లో క్షమాపణ చెప్పినప్పుడూ కొద్దిమంది వాడకందార్లే. కొద్దిమందికోసం ప్రపంచమంతటా, కొన్న నాటినుంచి నాలుగేళ్లపాటు, ఉచితంగా బాగుచేసిపెట్టే దయగల కంపెనీలు అరుదు. 2018 జులైలో వచ్చిన మూడో తరంలో కీల కింద పల్చని సిలికాన్ పొర వేశారు. ఎందుకయ్యా అంటే చప్పుడు తగ్గడానికి అన్నారు. మరమ్మతు సిబ్బందికి ఇచ్చిన కాగితంలో మాత్రం అది చెత్త లోపలికి పోకుండా అని రాసి ఉన్నట్టు తర్వాత బయటపడింది. 2019 మేలో కీల పదార్థం మార్చి కొత్త మ్యాక్‌బుక్ ప్రోలు విడుదల చేసి, అదే రోజున వాటిని కూడా ఉచిత మరమ్మతుల జాబితాలో చేర్చారు. అంత నమ్మకం. పైగా ఒక కీ పోతే ఒక కీ మార్చడం కాదు. కీబోర్డును పై పలకకు రివెట్లు కొట్టి బిగించారు, ఆ పలకకే బ్యాటరీని జిగురుతో అంటించారు. అక్షరం ఒకటి పలకకపోతే పలక, బ్యాటరీ, మిగిలిన అక్షరాలన్నీ కలిపి మార్చాలి. పాత ల్యాప్‌టాప్‌లకైతే అడుగున నాలుగు స్క్రూలు విప్పి, రిబ్బన్ కేబుల్ లాగేస్తే కీబోర్డు చేతిలోకి వచ్చేది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు తీసుకెళ్తే టీ తాగి వచ్చేలోగా పని అయిపోయేది.

అమెరికాలో జనం దావా వేశారు. 2022లో యాపిల్ ఐదు కోట్ల డాలర్లకు రాజీకి వచ్చింది, తప్పేమీ చేయలేదంటూనే. పై పలక రెండు సార్లో అంతకంటే ఎక్కువో మార్పించుకున్నవారికి గరిష్ఠంగా 395 డాలర్లు. అయితే అది ఏడు రాష్ట్రాల్లో కొన్నవారికే: కాలిఫోర్నియా, ఫ్లోరిడా, ఇల్లినాయ్, మిషిగన్, న్యూజెర్సీ, న్యూయార్క్, వాషింగ్టన్. ఆ లెక్కన న్యూజెర్సీ ఎడిసన్‌లో కొన్న తెలుగువాడి కీబోర్డు చెడిపోతే పరిహారం దక్కేది. టెక్సస్‌లో, డాలస్ దగ్గర కొన్న వాళ్ల బావమరిది కీబోర్డు చెడిపోలేదు, లేదా చెడిపోయినా చెల్లేది కాదు. హైదరాబాద్‌లో కొన్న తమ్ముడి ఊసే లేదు. దుమ్ము మాత్రం ముగ్గురికీ ఒకటే.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది కొట్టిపారేయదగింది కాదు. జనం ప్రతి మార్పుకూ మొదట ఏడుస్తారు, నాలుగు నెలలు పోతే అలవాటు పడతారు, వాళ్ల ఏడుపు విని యంత్రాలు చేస్తే ఇంకా టైపురైటర్ల దగ్గరే ఉండేవాళ్లం అంటారు. దీనికి జవాబు లెనోవో థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాప్‌ల చరిత్రలో ఉంది. 2012లో లెనోవో తన పాత ఏడు వరుసల కీబోర్డును తీసేసి, విడివిడి పలకల్లాంటి కీలతో ఆరు వరుసలది పెట్టింది. అభిమానులు గుండెలు బాదుకున్నారు. కానీ టైపు చేసి చూస్తే బాగానే ఉంది, క్రమంగా గొడవ సద్దుమణిగింది, ఆ కీబోర్డు నిలబడిపోయింది. 2013లో టీ440 మోడల్‌లో, కీల మధ్య ఉండి కర్సర్‌ను కదిపే ఎర్ర బొడిపెకు తోడుండే విడి బటన్లను టచ్‌ప్యాడ్‌లోనే కలిపేసింది. ఆ గొడవ సద్దుమణగలేదు, 2015లో టీ450తో బటన్లు తిరిగొచ్చాయి. 2014లో ఎక్స్1 కార్బన్‌లో పై వరుస కీలు తీసి తాకితే మారే పట్టీ పెట్టింది, క్యాప్స్ లాక్ ఉండాల్సిన చోట హోమ్, ఎండ్ కీలు ఇరికించింది. మరుసటి ఏడాదికే వెనక్కి తగ్గింది. ఒకే కంపెనీ, ఒకే రకం జనం, మూడు మార్పులు. ఒకదానికి సర్దుకున్నారు, రెండింటికి ససేమిరా అన్నారు. మార్పంటేనే గిట్టని మొండిఘటాలైతే మూడింటికీ ఒకేలా ఉండాలి కదా. వేళ్లకు మంచీచెడూ తెలుసు, తేల్చుకోవడానికి కాస్త టైం తీసుకుంటాయంతే. విచిత్రమేమంటే యాపిల్ టచ్ బార్ తెచ్చింది లెనోవో తన పట్టీని వదిలేసిన తర్వాత. ఎదుటివాడి అనుభవంతో నేర్చుకోవడం ఆ పరిశ్రమలో పేటెంటు ఉల్లంఘన అనుకుంటారేమో.

రెండో వాదన ఇంకా గడుసుది: పల్చని యంత్రం కావాలన్నది జనమే, కంపెనీ ఇచ్చింది అంతే. సరే, కొలిచి చూద్దాం. 2019 నవంబరులో యాపిల్ 16 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోలో కత్తెర కీలను వెనక్కి తెచ్చింది, కీ దిగే లోతు ఒక మిల్లీమీటరు, ఎస్కేప్ మళ్లీ నిజం కీ అయింది. ఆ యంత్రం మందం 16.2 మిల్లీమీటర్లు. అంతకుముందున్న 15 అంగుళాల దానిది 15.5. బ్యాటరీ కూడా పెంచారు కాబట్టి బరువూ పెరిగి రెండు కిలోలయింది. 0.7 మిల్లీమీటర్లు ఎక్కువైందని ఏ ఊళ్లోనూ ధర్నా జరగలేదు. 2021లో కొత్త 16 అంగుళాల ప్రోలో టచ్ బార్ పోయి, మామూలు కీలు, హెచ్‌డీఎంఐ పోర్టు, మెమరీ కార్డు సందు, అయస్కాంతపు చార్జరు అన్నీ తిరిగొచ్చాయి, యంత్రం ఇంకాస్త లావెక్కింది. సమీక్షకులు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. ఇంటికి మెట్లు కూల్చేసి, ఐదేళ్ల తర్వాత అవే మెట్లు కట్టి గృహప్రవేశానికి పిలిచినట్టు ఉంది, మనమేమో బట్టలు పెట్టి వచ్చాం. లెనోవో అయితే 2012లో తీసేసిన ఏడు వరుసల కీబోర్డును 2017లో థింక్‌ప్యాడ్ పాతికేళ్ల పండుగ పేరుతో ప్రత్యేక మోడల్‌గా అమ్మింది.

నచ్చకపోతే మానెయ్యండి అనే మాట కూడా వినిపిస్తుంది. మాదాపూర్‌లో, గచ్చిబౌలిలో ఆఫీసు ల్యాప్‌టాప్ మీద పొద్దున్నుంచి రాత్రిదాకా కొట్టేవాడు దాన్ని ఎంచుకోలేదు. కొనుగోళ్ల విభాగం వేల సంఖ్యలో ఆర్డరు పెట్టింది, చేరిన రోజున సంచీలో పెట్టి ఇచ్చారు. ఆర్డరు పెట్టినాయన చూసిన కాగితంలో మందం ఉంది, బరువు ఉంది, ధర ఉంది. సొంత డబ్బుతో కొనేవాడికీ దారి అంత తేలిక కాదు. సమీక్షలు వారం వాడి రాస్తారు, నలుసు కీ కిందికి చేరడానికి నెలలు పడుతుంది. ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌కు అలవాటుపడ్డవాడికి దాన్ని అమ్మే దుకాణం ఒకటే అయినప్పుడు మానెయ్యడమంటే వృత్తి పనిముట్లన్నీ మార్చుకోవడం.

అలాగని కొత్త ప్రయోగాలే వద్దనడం అన్యాయం. 1995లో, థింక్‌ప్యాడ్ ఇంకా ఐబీఎం చేతిలో ఉన్నప్పుడు, థింక్‌ప్యాడ్ 701 వచ్చింది. పెట్టె వెడల్పు 9.7 అంగుళాలే. మూత తెరిస్తే రెండు ముక్కలుగా ఉన్న కీబోర్డు జరిగి, కలిసి, పెట్టెను దాటి రెండు వైపులా 11.5 అంగుళాలకు పరుచుకునేది. జాన్ కరిడిస్ అనే ఇంజినీరు ఆలోచన అది. దాన్నీ జనం సీతాకోకచిలుక అనే పిలిచారు, న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం తన సేకరణలో చేర్చుకుంది. తర్వాత తెరలు పెద్దవై, పెట్టెలు వెడల్పై దాని అవసరమే పోయింది. ఎంతకాలం నిలిచిందన్నది అలా ఉంచి, ఆ ప్రయోగంలో ఎవరు ఎవరికోసం ఒదిగారో చూడండి. యంత్రం చిన్నదైనా వేళ్లకు చోటు తగ్గకూడదని పెట్టెనే విప్పారు. ఇరవై ఏళ్ల తర్వాతి సీతాకోకచిలుకలో పెట్టె తగ్గదు, వేళ్లే తగ్గాలి.

ప్రస్తుతానికొస్తే, 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ విండోస్ కీబోర్డుకు కోపైలట్ కీ ప్రకటించింది. 1994లో విండోస్ కీ వచ్చాక దాదాపు మూడు దశాబ్దాల్లో ఇదే పెద్ద మార్పని కంపెనీయే చెప్పింది. కృత్రిమ మేధను పిలవడానికి ఒక కీ. కీబోర్డులో ఖాళీ జాగా లేదు కాబట్టి చాలా యంత్రాల్లో కుడివైపు కంట్రోల్ కీనో, మెనూ కీనో లేపేసి అక్కడ కూర్చుంది. మౌస్ వాడకుండా, ముఖ్యంగా చూపు లేక, కీలతోనే అన్నీ నడుపుకునేవాళ్లకు ఆ మెనూ కీ ఎంత అవసరమో అడిగినట్టు లేదు. సరే, వచ్చింది కదా, లోపల ఏముందని చూస్తే, ఆ కీ నొక్కినప్పుడు కంప్యూటర్‌కు చేరే సంకేతం షిఫ్టు, విండోస్, ఎఫ్23 మూడూ కలిపి నొక్కినట్టు. ఎఫ్12 దగ్గరే ఆగిపోయిన మన కీబోర్డుల్లో ఎక్కడా లేని కీ అది. ఒకే పని చేసే మంచి కంట్రోల్ కీని తీసి, మూడు కీల వేషం కట్టిన ఒక కీని పెట్టారు. ఆ తర్వాత ఈ కీతో వేరే యాప్ తెరుచుకునేలా మార్చుకునే సదుపాయం విండోస్ సెట్టింగుల్లోనే ఇచ్చారు. ఇంకో అడుగు వేసి, రెండేళ్లకో మూడేళ్లకో దాన్ని కుడివైపు కంట్రోల్‌గా వాడుకునే యంత్రం ఒకటి విడుదల చేస్తారు. ప్రకటనలో దాని పేరు ప్రొఫెషనల్ ఎడిషన్ అని ఉంటుంది, ధర ఓ పదివేలు ఎక్కువ ఉంటుంది, మందం ఎంతో కూడా తప్పకుండా రాస్తారు.