జాతుల మాస్టారు

పాతపట్నం చుట్టుపక్కల ఏ ఊరికెళ్ళినా ఒక జాతుల మాస్టారు తగులుతారు. రిటైరయ్యారు, పింఛను వస్తోంది. పల్లంలో కాస్త వరి మడి, మెట్టన గోగు, ఆ పైన జీడితోట ఉంటాయి. వరి కోశాక మడిలో పెసలో మినుములో చల్లుతారు. వీటి మధ్య ఓ ఇరవై గొర్రెలుంటే చేనికి ఎరువు, చేతికి డబ్బు అని ఆయన లెక్క. లెక్కకి వంక పెట్టలేం. రాత్రి మడిలో మంద కట్టించుకోడానికి కాపరికి ఎదురిచ్చే రైతులున్న దేశం మనది. జీడిచెట్ల కింద గడ్డి మేపడానికి కూడా మేక కన్నా గొర్రె నయం, లేత మొక్కల జోలికి అంతగా పోదు. దొడ్డి కట్టి చాన్నాళ్ళయింది. ప్రస్తుతం అందులో మాస్టారి సైకిలు కాపురముంటోంది.

చిక్కల్లా జాతి దగ్గరే. కూతురికి సంబంధం చూసినట్టు చూస్తారాయన గొర్రెని. ఎత్తు, ఛాయ, తాతముత్తాతలు, పుట్టింటివాళ్ళ ఆచారాలు అన్నీ కుదరాలి.

మొదట నెల్లూరు గొర్రె అన్నారు. దేశంలో అంత పొడుగు గొర్రె ఇంకోటి లేదు, ఊలుండదు, ఒంటి మీద వెంట్రుకే. కానీ అందులో మళ్ళీ మూడు రకాలు. తెల్లగా ఉంటే పల్ల, మూతికీ కళ్ళకీ నల్ల మచ్చలుంటే జోడిపి, ఒళ్ళంతా ఎర్రగోధుమ రంగైతే దొర. ఈ ముగ్గురిలో ఎవరన్న మీమాంసలో ఒక వానాకాలం గడిచిపోయింది. తరవాత దక్కనీ మీదికి మనసు మళ్ళింది. ఊలొస్తుంది, గొంగడి నేయించవచ్చట. ఆ ఊలు దక్కను మెట్టల పొడిగాలికి గాని మన శ్రావణం ముసురుకి కాదని ఎవరో గుర్తుచేస్తే, "అయితే కవలల్ని కనేది తెద్దాం" అన్నారు. సుందరవనాల గరోల్ గొర్రె నుంచి కవలల జన్యువు తీసుకుని మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో నారి సువర్ణను తయారుచేశారు కదా, అది. రెండు పిల్లలకి సరిపడా పాలు రావాలంటే తల్లికి దాణా పెట్టాలన్న మాట వినగానే మాస్టారు దక్షిణాఫ్రికా డార్పర్ వైపు చూడటం మొదలెట్టారు. ఇంటి చూరులో దాచిన నోటుబుక్కుల కట్ట చూస్తే గొర్రె శాస్త్రానికి ఈయన చేసిన సేవ తెలుస్తుంది. గొర్రెకి చేసింది మాత్రం ఏమీ లేదు.

ఓసారి టీకొట్టు దగ్గర ముసలి కాపరి దొరికాడు. మంద రోడ్డు దాటుతోంది. మాస్టారు పెన్ను తీశారు.

"ఇదే జాతయ్యా?"

"గొర్రి, బాబూ."

"అది సరే, జాతి?"

కాపరి జవాబివ్వలేదు. ఒక గొర్రెను ఒడిసిపట్టి, కింది పెదవి లాగి చూపించాడు: ముందు పాలపళ్ళ మధ్య పెద్దపళ్ళు రెండు లేచాయి. కంటి కింది రెప్ప తిప్పాడు, లోపల ఎర్రగా ఉంది. "తెల్లబడిపోనాదనుకో, పొట్టలో పురుగో జలగో ఉన్నట్టు." కాలెత్తి, గిట్టల మధ్య బొటనవేలు దూర్చి, వేలు వాసన చూశాడు. "కంపు నేదు. మన బురదలో నిలబడే కాలిది. ఏటి జాతైతేనేటి బాబూ, వానలకి ముందు సిటుకు సూది ఏయించకపోతే అన్నీ ఒకే జాతైపోతాయి."

మాస్టారు అదంతా శ్రద్ధగా రాసుకుని, జాతి అన్న చోట ఖాళీ వదిలారు.

నిజానికి ఆ ఖాళీ నింపడానికి డార్పర్ దాకా పోనక్కర్లేదు. మహేంద్రతనయ దాటితే పర్లాకిమిడి, ఆ పక్కంతా గంజాం గొర్రె తిరిగే నేల. ఇదీ ఊలు లేనిదే. గోధుమ రంగు, ఓ మాదిరి ఒళ్ళు, మన కొండవాలు గడ్డికీ మన వానకీ పుట్టినప్పటి నుంచి అలవాటు పడింది. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు గీసిన గీత కాగితాల మీద ఉంది గాని మందలు దాన్నెప్పుడూ ఖాతరు చెయ్యలేదు. ఈ మాట చెబితే మాస్టారికి నచ్చదు. పక్క ఊరి సంబంధానికి గొప్పేముంది?

కిందటి సంక్రాంతికి ఆయన పలమనేరు పరిశోధనా స్థానం చూసొస్తానని బయల్దేరారు. తిరిగొచ్చేసరికి సైకిలు అరుగెక్కింది. దొడ్డిలో నాలుగు గొర్రెలు. మాస్టారి ఇల్లాలు చీటీ పాడిన డబ్బుతో సంతలో కొన్నారు. గిట్టలూ కంటిరెప్పలూ చూసి పెట్టింది ఆ ముసలి కాపరే. మాస్టారు రెండ్రోజులు అన్నం సరిగా తినలేదు. గొర్రెలు ఈనాక మాత్రం చూడాలి ఆయన్ని! పిల్లల చెవులు టేపుతో కొలిచి, తోకలు కొలిచి, ఇవి లోకంలో ఎక్కడా లేని లక్షణాలని తేల్చారు. కొత్త జాతుల్ని నమోదు చేసే జాతీయ సంస్థ హర్యానాలోని కర్నాల్‌లో ఉంది. దరఖాస్తు ఎలా పెట్టాలో కనుక్కోమని ఇప్పుడు నా వెంటపడుతున్నారు. జాతికి పేరు కూడా ఖాయమైంది, వాళ్ళ ఇంటిపేరే.

"ఏటండీ, ఆ రాతలయ్యాక కాసింత గడ్డి కోసుకురండి," అన్నారు లోపల్నుంచి ఆవిడ.

"రాసుకో," అన్నారు మాస్టారు నాతో, "మేత: పచ్చగడ్డి."