నోటెడ్ సార్

వాట్సాప్ వచ్చాక ఆఫీసు పనుల్లో వేగం పెరిగిందా అని అనుమానపడేవాళ్లు ఒకసారి పుంగనూరు వచ్చి చూడాలి. ఇక్కడ పని మొదలుకాక ముందే అయిపోతోంది.

పొద్దున్నే పైనుంచి గ్రూపులో మెసేజీ పడుతుంది: 'కాలువల్లో పూడిక తక్షణం తీయించి ఫోటో పెట్టండి.' అర నిమిషంలో ఒకరు 'నోటెడ్ సార్' అంటారు. ఆ వెంటనే వరసగా నోటెడ్ సార్లు, దండాలు, బొటనవేళ్లు. సాయంత్రానికి ఏదో ఒక సచివాలయం ఉద్యోగి పార ఉన్న మనిషిని వెంటబెట్టుకుని కాలువ దగ్గరికి పోతాడు.

"పార పైకెత్తప్పా. మొగం ఇట్ల తిప్పు."

ఫోటోమీద తేదీ, టైమూ, అక్షాంశం, రేఖాంశం పడాలి. సిగ్నల్ ఉండదు. ఫోను పైకెత్తి కల్వర్టు ఎక్కుతాడు. చివరికి ఫోటో పోతుంది. పైనుంచి 'గుడ్' అని వస్తుంది.

"ఇంగ తవ్వల్లా సార్?"

"ఫోటో పొయ్యింది లేప్పా. రేపు చూస్తాం."

సుగుటూరు గంగమ్మ జాతరకి సెలవు పెట్టినా లాభం లేదు. బ్లూ టిక్ పడిందా, డ్యూటీలో ఉన్నట్టే. జవాబివ్వకపోతే సంజాయిషీ. పూడిక తీయనందుకు సంజాయిషీ అడిగిన దాఖలా మాత్రం నాకు కనబడలేదు.

అసలు వాట్సాప్ పనికిరాదని ఎవరన్నారు? మదనపల్లె మండీలో టమాటా ధర ఫోన్లో పడితే, కోత కోయాలో ఆపాలో రైతు తోటలోనే తేల్చుకుంటాడు. నోటెడ్ అంటూ కూర్చుంటే కాయ కుళ్లిపోతుంది. ప్రభుత్వం కూడా 2025 జనవరి 30న 'మన మిత్ర' పేరుతో 161 సేవల్ని వాట్సాప్‌లో పెట్టింది. జనం 'హాయ్' కొడితే చాలు. హాయి లేనిది సిబ్బందికే.

కాగితం కంటే గ్రూపే మేలనడానికి మా ప్రాంతంలో ఇంకో కారణం ఉంది. 2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ ఆఫీసులో మంటలు లేచి ఫైళ్లు కాలిపోయాయి. చూడ్డానికి డీజీపీ హెలికాప్టర్లో వచ్చారు. గ్రూపుల్లో అంత హడావిడి అక్కర్లేదు. ఆదేశం ఇచ్చినవారే 'డిలీట్ ఫర్ ఎవ్రీవన్' నొక్కుతారు. పొగ రాదు, హెలికాప్టరూ రాదు. ఆదేశం మాయమై కింద నోటెడ్ సార్లు మాత్రం బారులు తీరి ఉంటాయి. దేన్ని నోట్ చేసుకున్నారని అడిగితే, ఆ అడిగినదానికీ 'నోటెడ్ సార్' అనే వస్తుంది.