బుష్షు సూత్రం: సటీకా తాత్పర్య విశేష సహితం

మూలం:

"బుష్షులు పోయాయండి. యూరిథేన్‌వి ఏయించేయండి. ఇంక జన్మకి ఇటు చూడక్కర్లేదండి, ఆయ్!"

అవతారిక: కోనసీమలో, ఐ.పోలవరంలో, జాకీ మీద ఎత్తిన కారు కింద నుంచి తల మాత్రం బయటపెట్టి మేస్త్రీగారు పలికిన ఈ మూడు వాక్యాలకు పూర్వటీకలేవీ దొరకడం లేదు. కారు యజమానులు సామాన్యంగా రెండో వాక్యం దగ్గరే జేబు తడుముకుంటారు గనుక మూడో వాక్యపు అర్థగాంభీర్యం మరుగున పడిపోయింది. ఆధారం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని టీకాకారుడు మల్లినాథ సూరి ఒట్టు పెట్టుకున్నాడు. ఆయనకు కారు లేదు. ఆ ఒట్టులో మొదటి సగమే మనకు సాధ్యం.

ప్రతిపదార్థం: బుష్షులు = చక్రాన్ని పట్టుకున్న లోయర్ ఆర్మ్‌కీ బండి ఛాసీకీ నడుమ, రెండు ఇనప గొట్టాల మధ్య అతుక్కుని ఉండే రబ్బరు ముద్దలు; పోయాయి = ఎక్కడికీ పోలేదు, అక్కడే చీలి, పొడి రాలుతూ ఉన్నాయి; అండి = బిల్లు తమరిదే; యూరిథేన్‌వి = పాలీయూరిథేన్ అనే గట్టి పదార్థంతో పోతపోసినవి, చాలావరకు ఎరుపో పసుపో రంగులో చూపులకు మిఠాయిలా ఉండేవి; ఏయించేయండి = ఆలోచించకండి; జన్మకి = ఎవరి జన్మకి అన్నది కింద విచారిస్తాం; ఇటు = ఈ షెడ్డు వైపు; చూడక్కర్లేదు = స్పష్టం; ఆయ్ = పాదపూరణం కాదు. దీని తరవాత బేరమాడడం గోదావరి మర్యాద కాదు.

అన్వయం సుగమం.

తాత్పర్యం: గతుకు దాటినప్పుడల్లా ముందు చక్రం దగ్గర టకటకమంటోంది, బ్రేకు తొక్కితే స్టీరింగు పక్కకి లాగుతోంది, టైరు ఒక అంచునే అరుగుతోంది. కాబట్టి రబ్బరు తీసి యూరిథేన్ పెట్టిద్దాం అని మేస్త్రీగారి భావం.

ఇక్కడ అలంకారం ఏది? టకటక అన్నది ఛేకానుప్రాసమా, లాటానుప్రాసమా? మొదటి టక్కు బుష్షుదీ, రెండోది లింకురాడ్డుదీ అయితే అర్థభేదం ఉంది గనుక ఛేకం. రెండూ బుష్షువే అయితే అర్థం ఒకటే, భేదమంతా తాత్పర్యంలోనే, అంటే బిల్లులోనే. కనుక లాటం. ఈ నిర్ణయం చెవితో చేయకూడదు. ఆర్మ్‌కింద ప్రైబారు పెట్టి మెల్లిగా ఎత్తి, ఏది ఊగుతోందో కంటితో చూడాలి. అలంకార నిర్ణయం తప్పితే మంచి బుష్షులు పారేసి పాడైన లింకురాడ్డుతోనే ఇంటికి వెళతాం.

దేశకాలాలు: 216వ జాతీయ రహదారి మీద ఉన్నంతసేపు బుష్షుకి కష్టం తెలియదు. దిగి కాలవగట్టు రోడ్డు ఎక్కామా, తడికి ఉబ్బి ఎండకి కుంగే మట్టి మీద పోసిన తారు, కాలవవైపు చక్రాన్ని ఎప్పుడూ ఒక మెట్టు కిందే నడిపిస్తుంది. ఎదుర్లంక దగ్గర గౌతమి మీద బాలయోగి వారధి 2002లో వచ్చింది. అంతకుముందు యానాం నేరుగా వెళ్ళాలంటే కారుని పంటు ఎక్కించాల్సి వచ్చేది. ఇప్పుడు పుదుచ్చేరి పన్ను తక్కువ కదా అని పెట్రోలు కోసమే యానాం పోయి వచ్చే కార్లున్నాయి. అక్కడ మిగిలింది ఇక్కడ బుష్షుల్లో పోతుంది. టీకాకారుడికి ఇందులో అన్యాయమేమీ కనబడలేదు.

విశేషం: రబ్బరు బుష్షు తిరగదు, మెలిపడుతుంది. లోపలి గొట్టాన్ని బోల్టు ఛాసీకి బిగించేస్తుంది, బయటి గొట్టం ఆర్మ్‌లో దిగి ఉంటుంది. చక్రం లేచి పడినప్పుడల్లా నడుమనున్న రబ్బరే మెలి తిరిగి మళ్ళీ యథాస్థానానికి వస్తుంది. రాపిడి లేదు, గ్రీజు అక్కర్లేదు. మురమళ్ళ వీరేశ్వరుడి గుడిలో నిత్యకల్యాణం జరిపించే పెళ్ళిపెద్దలా ఇరుపక్షాల విసుర్లూ తనే భరిస్తుంది. గంధకం కలిపి వేడిచేస్తే రబ్బరుకి ఈ ఓర్పు వస్తుందని చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనిపెట్టాడు.

యూరిథేన్ స్వభావం వేరు. జర్మనీలో ఒట్టో బేయర్ బృందం 1937లో పుట్టించిన ఈ పదార్థంతో పోసిన బుష్షు సామాన్యంగా ఇనుముకి అతుక్కుని ఉండదు. లోపలి గొట్టం దాని కడుపులో జారుతూ తిరుగుతుంది. కనుక బిగించేటప్పుడే సిలికాన్ గ్రీజు దట్టంగా పట్టించాలి. మరిచిపోతే కీచుమంటుంది, వానాకాలం ముగిశాక మరీను. షోర్ ఏ కొలతలో మామూలు బుష్షు రబ్బరు 50కీ 70కీ మధ్య ఉంటే, ఇది 80, 90 దాకా పోతుంది. ఇంజినాయిలు కారితే రబ్బరు ఉబ్బి పాడవుతుంది, ఇది లెక్కచేయదు.

పూర్వపక్షం: అలాగైతే గట్టిదే మంచిది కదా?

సిద్ధాంతం: కాదు. రబ్బరు మింగే దెబ్బని యూరిథేన్ మింగదు, ముందుకి పంపుతుంది. బాడీకి, సీటుకి, అక్కడి నుంచి నడుముకి. చాలా కార్ల లోయర్ ఆర్మ్‌కి రెండు బుష్షులుంటాయి. ముందుది తలుపు బందులా ఒకే దిక్కుకి ఆడుతుంది, అక్కడ యూరిథేన్ చెల్లుతుంది. వెనకది పెద్దది. గుంతలో పడ్డ చక్రం కొంచెం వెనక్కి తగ్గేందుకు వీలుగా దాని రబ్బరులో కావాలనే ఖాళీలు వదులుతారు. వాటిని చూసి "ఇదీ చీలిపోయిందండి" అనేవారున్నారు. ఆ ఖాళీ పూడ్చేసి గట్టి ముద్ద పెడితే స్టీరింగు చురుగ్గా ఉంటుంది, నిజమే. కాలవగట్టు మీద ప్రతి గులకరాయినీ పేరుపెట్టి పలకరిస్తుంది కూడా. స్టెబిలైజర్ బారుకి యూరిథేన్ నిస్సందేహంగా వేయించవచ్చు. వెనక యాక్సిల్ బుష్షు నాలుగు దిక్కులకీ ఒదగాలి కాబట్టి అక్కడ రబ్బరే ఉండనివ్వడం మేలు.

శంక: మరి "జన్మకి" అన్నారే?

సమాధానం: యూరిథేన్‌లో రెండు జాతులు. పాలియెస్టర్ జాతికి నీళ్ళు పడవు. వెచ్చని తేమలో దాని గొలుసులు మెల్లగా తెగి, పైకి బాగానే ఉన్నట్టు ఉండి లోపల పెళుసవుతుంది. పాలీఈథర్ జాతి తేమకి బాగా ఓర్చుకుంటుంది. ఏడాదంతా ఉక్కపోత, గోదావరి పొంగితే రోడ్డు మీద నీళ్ళు, దగ్గరలోనే సముద్రం. ఇక్కడ ఏ జాతిదో అడక్కుండా కొన్నవాడికి "జన్మకి" అన్నది బుష్షు జన్మే. అది ఎంతైనా కావచ్చు.

పాఠాంతరం: లేతు షాపుల దగ్గర "నైలాన్ రాడ్డు ముక్కుంది, లేతు పట్టించేద్దామండి" అని మరో పాఠం వినిపిస్తుంది. కమాను కట్టల బళ్ళకి ఇది గ్రాహ్యం. లోయర్ ఆర్మ్ విషయంలో ప్రక్షిప్తమని తోసిపుచ్చాలి.

అధ్యాహారం: మూలంలో లేకున్నా అర్థపూర్తికి చేర్చుకోవలసిన పదాలు ప్రెస్సింగు, గ్రీజు, అలైన్‌మెంటు. వీటి ధర మేస్త్రీగారు చెప్పరు, మనమే అడగాలి. రబ్బరే వేయిస్తుంటే ఇంకొకటి: బోల్టు ఆఖరి బిగింపు కారుని జాకీ దింపి, బరువంతా చక్రాల మీద పడ్డాకే. చక్రం వేలాడుతుండగా బిగిస్తే, కారు దిగిన క్షణం నుంచే రబ్బరు మెలిపడి ఉంటుంది, కొద్దికాలానికే చీలుతుంది. "ఓసారి దింపి బిగించండి మేస్త్రీగారూ" అంటే ఆయన చిరాకుపడతారు. పడనివ్వాలి.