అన్నింటికీ అతుక్కునే అణువు

పసుపుకొమ్ముకు ఆ రంగునిచ్చే కర్క్యుమిన్ అనే పదార్థం క్యాన్సర్‌ను అణచగలదని, మధుమేహాన్ని అదుపులో పెట్టగలదని, అల్జీమర్స్ వ్యాధిని, క్షయ క్రిమిని, కరోనా వైరస్‌ను, కీళ్ళవాపును, చివరికి మానసిక కుంగుబాటును సైతం ఎదుర్కోగలదని వేర్వేరు పరిశోధన పత్రాలు ప్రకటించాయి. వాటన్నింటినీ ఒకచోట పేర్చి చదివినవారికి, ఈ అణువుకు లొంగని రోగం ఏదైనా మిగిలిందా అన్న సందేహం ఒక్కటే మిగులుతుంది. 1815లో తొలిసారి వేరుచేసిన ఈ పదార్థపు నిర్మాణం 1910 నాటికే తేలింది. ఆనాటి నుంచి అది వేల పత్రాలకు, లెక్కలేనన్ని పట్టాలకు ఆధారమైంది గాని, ఏ ఒక్క వ్యాధికీ అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదం పొందిన మందు మాత్రం కాలేదు. ఈ వైరుధ్యం పత్రకర్తలను ఎన్నడూ కలవరపెట్టినట్టు కనబడదు. ‘మరిన్ని పరిశోధనలు అవసరం’ అనే ముగింపు వాక్యంతో దాన్ని వారు ఏటేటా సాగనంపుతూనే ఉన్నారు.

చిన్న అణువులతో మందులు రూపొందించే విద్యలో, అనగా సుమారు 500 డాల్టన్లకు మించని బరువుతో, మాత్రగా మింగితే పేగుగోడను దాటి రక్తంలో చేరగల రసాయనాలను నిర్మించే విద్యలో, మొదటి మెట్టును ‘హిట్’ అంటారు: వ్యాధితో సంబంధమున్న ప్రోటీన్ మీద పరీక్షనాళికలో కొంత ప్రభావం చూపిన అణువని దాని అర్థం. మార్పులు చేసి మెరుగుపరచడానికి అది తగినదని రుజువైతే ‘లీడ్’ అవుతుంది. జంతువులలోను, భద్రతా పరీక్షలలోను నిలబడి మనుషులపై ప్రయోగానికి అర్హత సంపాదిస్తే ‘క్యాండిడేట్’ అవుతుంది. ఈ మెట్ల నడుమ దూరాన్ని ఔషధ రసాయనవేత్తలు ఏళ్ళలోను, చేసి పారవేసిన వందలాది అణువులలోను కొలుస్తారు. ఇక్కడ ప్రస్తావిస్తున్న పత్రాలలో మాత్రం ఆ దూరమంతా ఒక కంప్యూటరు, ఒక మధ్యాహ్నం.

ఆ మధ్యాహ్నపు కార్యక్రమం పేరు డాకింగ్. ప్రోటీన్ ఉపరితలంలోని గుంటలో ఒక అణువు ఏ భంగిమలో ఇముడుతుందో, ఎంత గట్టిగా పట్టుకుంటుందో లెక్కగట్టే ఈ పద్ధతిని 1980ల తొలినాళ్ళలో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇర్విన్ కుంట్జ్ బృందం ప్రవేశపెట్టింది. లక్షల అణువుల జాబితా నుంచి ప్రయోగశాలలో పరీక్షించదగిన కొన్ని వందలను ఏరుకోవడానికి అది నిజంగా పనికివచ్చే సాధనం. అయితే ఈ తరహా ప్రోగ్రాములు ఎంత అయోగ్యమైన అణువునిచ్చినా ఏదో ఒక గుంటలో కూర్చోబెట్టి ఒక అంకెను ఇచ్చి తీరతాయి. పైగా అణువు పెద్దదైన కొద్దీ తాకే చోట్లు పెరిగి ఆ అంకె దానంతటదే మెరుగవుతుంది. వాడుకలో ఉన్న మందుకు మైనస్ 7.9 కిలోక్యాలరీలు, తమ మొక్కలోని అణువుకు మైనస్ 8.1 వచ్చాయి కనుక తమదే మిన్న అని తేల్చే పండితులు, బంధబలం పది రెట్లు మారాలంటే సుమారు 1.4 కిలోక్యాలరీల తేడా కావాలని, ఆ ప్రోగ్రాముల అంచనాలో దొర్లే పొరపాటే అంతకంటె ఎక్కువగా ఉండవచ్చని తెలియక అలా రాస్తున్నారనుకోవడం వారి చదువును అవమానించడమే అవుతుంది. తెలిసే రాస్తున్నారు.

పరీక్షనాళిక దాకా వెళ్ళే ఓపిక ఉన్నవారికి కర్క్యుమిన్ మరింత ఉదారంగా సహకరిస్తుంది. అది నీటిలో ముద్దలు కట్టి ఎంజైములను తనకు అంటించుకుంటుంది, ప్రోటీన్లలోని గంధకపు గుంపులతో రసాయనికంగా కలిసిపోతుంది, లోహ అయాన్లను పట్టేస్తుంది, కణపు పొరలను కలవరపెడుతుంది. వీటన్నింటికీ తోడు తానే వెలుగు చిమ్ముతుంది గనుక, వెలుగును కొలిచి ఫలితం చెప్పే పరికరాన్ని కూడా మోసగించగలదు. ఇటువంటి అణువులకు, అనగా ఏ పరీక్ష పెట్టినా ఏదో ఒక వక్రమార్గంలో ‘పనిచేసినట్టు’ కనబడేవాటికి, 2010లో ఆస్ట్రేలియాకు చెందిన బేల్, హాలోవే ‘పెయిన్స్’ అని పేరుపెట్టి, వాటిని గుర్తుపట్టే పద్ధతిని ప్రచురించారు. ముద్దకట్టడం వల్ల వచ్చిన ఫలితమా కాదా అని తేల్చడానికి పరీక్షలో కాస్త డిటర్జెంటు కలిపి మళ్ళీ చూడటం చాలు, ఖర్చు అత్యల్పం. ఆ చుక్క కలిపితే పత్రం కరిగిపోయే ప్రమాదమున్నందున కాబోలు, చాలామంది ఆ ఖర్చుకు సాహసించరు.

శరీరం సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు, ఎందుకంటే అక్కడ జరిగేది దాదాపు ఏమీ లేదు. సీరం కలపని తటస్థ ద్రావణంలో, శరీరపు వేడి దగ్గర, ఈ అణువు అరగంటలో సుమారు 90 శాతం విచ్ఛిన్నమవుతుంది. ఒక పరీక్షలో ఆరోగ్యవంతులైన వ్యక్తుల చేత 8 గ్రాముల వరకు ఒకేసారి మింగించినా రక్తంలో దాని జాడ దొరకలేదు. మిరియాలలోని పైపరిన్‌తో కలిపి ఇస్తే రక్తానికి చేరే మోతాదు 2000 శాతం పెరుగుతుందన్న 1998 నాటి అధ్యయనాన్ని ఎందరో ఉత్సాహంగా ఉదహరిస్తారు. సున్నాకు సమీపంలో ఉన్నదాన్ని ఇరవై ఒక్క రెట్లు చేస్తే ఎక్కడికి చేరుతుందో లెక్కవేసే ఉత్సాహం వారిలో కనబడదు. 2017లో అమెరికా శాస్త్రవేత్తలు ఒక ప్రముఖ ఔషధ రసాయన పత్రికలో ఈ సాహిత్యమంతటినీ జల్లెడపట్టి, జరిగిన 120కి పైగా మానవ ప్రయోగాలలో, రోగికీ వైద్యుడికీ కూడా ఎవరికేది ఇచ్చారో తెలియనివ్వకుండా ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూసిన ఏ ప్రయోగమూ సఫలం కాలేదని తేల్చారు. ఆ వ్యాసం తరువాత కూడా ఈ పత్రాల ప్రవాహం ఆగలేదు.

దీని సరసన ఇమాటినిబ్ చరిత్రను ఉంచి చూడాలి. రక్త క్యాన్సర్లలో ఒక రకాన్ని అదుపుచేసే ఈ మందు, స్విట్జర్లాండ్‌లోని సీబా-గైగీ ప్రయోగశాలలో వేరొక ఎంజైము కోసం వెతుకుతుండగా దొరికిన సాధారణమైన హిట్‌తో మొదలైంది. రసాయనవేత్తలు దానికి ఒక అమైడ్ గుంపును చేర్చి కావలసిన ఎంజైము మీద పట్టు సాధించారు. పిమ్మట ఒకే ఒక్క మిథైల్ గుంపును తగినచోట నిలిపి, మొదట పనిచేసిన ఎంజైము మీద ప్రభావాన్ని పూర్తిగా పోగొట్టారు. ఇంకొక గుంపును తగిలించి నీటిలో కరిగేలా చేశారు. 2001లో ఆమోదం పొందిన ఆ మందు కథలో గమనించవలసింది రెండవ అడుగు: అణువు ఒకచోట పనిచేయడం మానినందుకు వారు సంతోషించారు. ఇదే తీరులో, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లే సంస్థలో నడిపిన బృందం ఫోలిక్ ఆమ్లంలో ఒక హైడ్రాక్సిల్ స్థానంలో అమైనో గుంపును పెట్టడం వంటి మార్పులతో అమైనోప్టెరిన్‌ను, దాని దగ్గరి బంధువైన మెథోట్రెక్సేట్‌ను సాధించింది. ఆయన పటానికి పూలమాల వేసే సెమినార్లలోనే, ఒక్క పరమాణువునూ మార్చని కర్క్యుమిన్‌ను పదకొండో ప్రోటీన్‌లో ఇమిడ్చిన పోస్టర్లు ఆ ప్రక్కనే వేలాడుతుంటాయి.

వాటికి విద్యార్థులను నిందించి లాభం లేదు. 2016 నాటి యూజీసీ నిబంధనలు సిద్ధాంత గ్రంథం సమర్పించేలోగా ఒక పత్రమైనా ప్రచురించి తీరాలన్నాయి; 2022లో ఆ నిర్బంధం పోయింది గాని, అది నేర్పిన అలవాటు పదోన్నతుల లెక్కలలో సుఖంగానే ఉంది. పసుపును నిందించడమూ తగదు: 1995లో పసుపుతో గాయాలు మాన్పే పద్ధతిపై అమెరికా ఇచ్చిన పేటెంటును, ఇది తరతరాలుగా తెలిసిన సంగతేనని రుజువుచేసి 1997లో భారత శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి రద్దుచేయించింది. తెలిసినదాన్ని కొత్తగా కనుగొన్నామనడం తప్పని నాడు అంత గట్టిగా వాదించిన దేశంలో, నేడు ప్రతి జిల్లా కేంద్రం నుంచి అదే పని జరుగుతోంది.

ఇక ఈ పత్రాలనే ఆధారంగా చూపి కర్క్యుమిన్ గుళికలు అమ్మే వ్యాపారి ఉన్నాడు. భారత ఆహార భద్రతా ప్రాధికార సంస్థ నిబంధన ప్రకారం అతడు తన సీసా మీద ‘ఔషధ వినియోగం కోసం కాదు’ అని ముద్రించక తప్పదు, ముద్రిస్తున్నాడు కూడా. అతడు ఉదహరించే పత్రాలకు మాత్రం అటువంటి నిబంధన ఏదీ వర్తించదు.