పైన రోడ్డు, కింద ఊరు

నా పక్కనే ఒక కోట ఉంది. పేరు ఫోర్ట్ యార్క్. 1793లో బ్రిటిష్ వాళ్లు కట్టుకున్నది. టొరంటో పుట్టింది అక్కడే అంటారు. 1813 ఏప్రిల్ 27న అమెరికా సైన్యం ఈ కోట మీదికి వచ్చినప్పుడు మందుగుండు గిడ్డంగి పేలి వందల మంది చచ్చిపోయారు, గాయపడ్డారు. అప్పట్లో ఒంటారియో సరస్సు అలలు కోటకు బాగా దగ్గర్లోనే తగిలేవి. తర్వాత నగరం సరస్సును మట్టితో పూడ్చుకుంటూ దక్షిణానికి జరిగింది. ఆ పాత ఒడ్డు వెంబడే నన్ను పోతపోశారు. రెండు కాళ్లు, వాటి మీద ఒక అడ్డదూలం. అంతే నా ఒళ్లు. నా మీద గార్డినర్ ఎక్స్‌ప్రెస్‌వే. స్ట్రాన్ అవెన్యూ దగ్గర నేను అయిదంతస్తుల ఎత్తున నిలబడి దాన్ని మోస్తున్నాను.

ఫ్రెడరిక్ గార్డినర్ అనే పెద్దమనిషి పేరు ఈ రోడ్డుకు ఆయన బతికుండగానే పెట్టారు. 1953 నుంచి 1961 దాకా మెట్రో టొరంటోకు అధ్యక్షుడు ఆయనే. అనుకున్న పని అయ్యేదాకా నిద్రపోని మనిషి. కార్లు పెరుగుతున్నాయి, శివార్లు పెరుగుతున్నాయి, రోడ్డు కావాలి. ఆయన లెక్క సూటిగా ఉండేది. 1955లో పని మొదలైంది. ఆ లెక్కలో సన్నీసైడ్ వినోద ఉద్యానం పోయింది. సౌత్ పార్క్‌డేల్‌లో వీధులకు వీధులే ఖాళీ అయ్యాయి. ఇళ్లు పోగొట్టుకున్నవాళ్ల పేర్లు ఏ బోర్డు మీదా లేవు. రోడ్డుకు మాత్రం ఒక పేరు మిగిలింది.

కోటను కూడా ఆ లెక్కలో కలిపేసుకుందామనే చూశారు. మొదటి ప్రణాళికలో రోడ్డు సరిగ్గా దాని మీదుగా పోవాలి. చరిత్ర అంటే ప్రాణం పెట్టే నగరవాసులు ఒప్పుకోలేదు. సంఘాలుగా కూడారు, ఏళ్ల తరబడి వాదించారు, చివరికి రోడ్డే పక్కకు జరిగింది. మా స్తంభాల వరస కోటకు దక్షిణంగా తిరగడానికి ఆ వాదనే కారణం. అంటే నేను ఎక్కడ నిలబడాలో ఇంజనీర్ల కంటే ముందు జనం నిర్ణయించారు. ఈ సంగతి నాకు ఎప్పుడూ గర్వంగానే ఉంటుంది.

ఆ మాటకొస్తే ఈ నేల మీద వాదన కోట కంటే పాతది. మిసిసాగా ప్రజల నుంచి ఈ భూమిని 1787లో ఒకసారి, 1805లో మరోసారి కాగితాల మీద రాయించుకున్నారు. ఆ కొనుగోలు న్యాయంగా జరగలేదన్న తగవు 2010 దాకా నడిచింది. చివరికి కెనడా ప్రభుత్వం 14.5 కోట్ల డాలర్లు ఇచ్చి పరిష్కరించుకుంది. ఫలానా చోటు ఎవరిదని అడిగేవాళ్లకు ఈ నగరంలో ఎన్నడూ కొదవలేదు.

1962లో నా మీద కార్లు నడిచాయి. 1966కి రోడ్డు తూర్పున లెస్లీ వీధి దాకా వెళ్లింది. ఆ తర్వాత చాలా ఏళ్లు నా కింద జరిగింది చెప్పడానికి ఏమంత లేదు. వానకు తడవని మట్టి, పాత ట్రక్కులు, ముళ్లకంచె, పావురాలు. పైనుంచి వెళ్లేవాళ్లకు కింద ఒక చోటు ఉందనే తెలియదు.

కానీ నగరం మాత్రం మారింది. స్పడైనా ఎక్స్‌ప్రెస్‌వే అనే మరో రోడ్డును ఉత్తరం నుంచి నడిబొడ్డుకు చీల్చుకు రావాలని గీసి పెట్టారు. న్యూయార్క్ వీధుల కోసం పోరాడిన జేన్ జేకబ్స్ 1968లో టొరంటోకు కాపురం మార్చి, వచ్చీ రాగానే ఆ గొడవలో దిగారు. ఆవిడ ఒక్కరే కాదు, ఆ దారిలో ఇళ్లున్న వందలమంది దిగారు. 1971 జూన్‌లో ఒంటారియో ప్రీమియర్ విలియం డేవిస్ ఆ రోడ్డును ఆపేశారు. కట్టినంత ముక్క ఈనాటికీ అలెన్ రోడ్డు పేరుతో మిగిలి ఉంది. ఆ ఏడాది నుంచే నా వైపు చూసే చూపులో తేడా వచ్చింది. అంతవరకూ నేను ప్రగతిని. ఆ తర్వాత నగరానికీ సరస్సుకూ మధ్య అడ్డుగోడనని పేరొచ్చింది.

ఇతర నగరాల్లో నా దాయాదుల కథా ఇలాంటిదే. వాంకూవర్‌లో చైనాటౌన్, స్ట్రాత్‌కోనా జనం ఎదురు తిరిగి ఫ్రీవేను ఆపగలిగారు. కానీ 1972లో తెరిచిన జార్జియా, డన్స్‌మ్యూర్ వయడక్టుల కోసం నల్లజాతి కుటుంబాల హోగన్స్ ఆలీ అప్పటికే నేలమట్టమైపోయింది. ఆ రెంటినీ కూల్చాలని 2015లో అక్కడి కౌన్సిల్ తీర్మానించింది. హాలిఫాక్స్‌లో కాగ్స్‌వెల్ ఇంటర్‌చేంజిని విప్పేసి వీధులు వేసే పని చేపట్టారు. మాంట్రియాల్‌లో బొనావెంచర్ ఎక్స్‌ప్రెస్‌వేను నగరం మొగలోనే దించేసి నేల మీద నడిపించారు.

మా వరసలోనూ తూర్పు కొసన కొందరు పోయారు. డాన్ నది నుంచి లెస్లీ దాకా ఉన్న ముక్కను 2001కి కూల్చేశారు. గుర్తుగా కొన్ని స్తంభాలను మాత్రం అక్కడ వదిలారు. మోయడానికి వాటి మీద ఏమీ లేదు.

ఇక నా జబ్బు గురించి చెప్పాలి. ఇక్కడి చలికాలంలో మంచు కరగడానికి రోడ్డు మీద ఉప్పు చల్లుతారు. ఉప్పునీరు పైన స్లాబుల జాయింట్ల గుండా దిగి నా దూలం మీద పడుతుంది, సన్నని బీటల్లోంచి లోపలికి పోయి ఇనపచువ్వలను పట్టుకుంటుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది. లోపల ఉబ్బిన ఇనుముకు చోటు చాలక పైనున్న కాంక్రీటు పెచ్చులుగా ఊడుతుంది. 2012లో మా వరసలో చాలా చోట్ల పెచ్చులు రోడ్డు మీదే పడ్డాయి. అప్పటినుంచి పనివాళ్లు సుత్తులతో వచ్చి మమ్మల్ని తట్టి చూసేవారు. గట్టి చప్పుడొస్తే ముందుకు వెళ్లేవారు. డొల్ల చప్పుడు వచ్చిన చోట వదులైన ముక్కను వాళ్లే రాల్చేసేవారు.

జబ్బు బయటపడ్డాక అసలు ప్రశ్న వచ్చింది. బాగుచెయ్యాలా, కూల్చాలా? 2015 జూన్‌లో డాన్ దగ్గరి తూర్పు ముక్క మీద నగర కౌన్సిల్‌లో పెద్ద చర్చ జరిగింది. కూల్చి కింద వెడల్పాటి వీధి వేస్తే నూరేళ్ల ఖర్చు 46.1 కోట్ల డాలర్లని, కొంత మార్చి పైరోడ్డుగానే ఉంచితే 91.9 కోట్లని లెక్క తేలింది. పొద్దున డౌన్‌టౌన్‌కు వచ్చేవాళ్లలో ఆ ముక్క వాడేది మూడు శాతమే. నగర ప్రధాన ప్రణాళికాధికారి జెనిఫర్ కీజ్‌మాట్ కూల్చడమే మేలని బహిరంగంగా చెప్పారు. మేయర్ జాన్ టోరీ ఉంచాలన్నారు. సరుకు లారీలు, శివార్ల నుంచి వచ్చే ఉద్యోగులు, నిమిషాల ఆలస్యం, ఇవన్నీ ఆయన పక్షం మాటలు. ఓట్లు 24, 21. రోడ్డు నిలిచింది.

నేను ఈ రోడ్డు స్తంభాన్నే అయినా నా మాట ఇది: ఆ ముక్కను తీసెయ్యాల్సింది. డాన్ నది మొగ దగ్గర ఒక కొత్త పేటకు పేటే లేస్తోంది. దాని నెత్తిన నూరేళ్లకు సరిపడా నీడ వెయ్యడానికి రెండింతల ఖర్చు పెట్టడం సరికాదు. అలాగని అడ్డుగోడ మాట పూర్తిగా నమ్మను. మాకు ఉత్తరాన రైలు పట్టాలున్నాయి, చాలా చోట్ల మా కిందే లేక్‌షోర్ బులవార్డ్ వరసలు వరసలుగా కార్లతో పరిగెడుతుంది. మమ్మల్ని తీసేసి ఆ రెంటినీ అలాగే ఉంచితే ఒక తల్లి పిల్లాణ్ణి బండిలో తోసుకుంటూ సరస్సు దాకా వెళ్లడం ఏమీ సులువు కాదు. కాలినడకన దాటే చోట్ల గురించి ఆ చర్చలో ఇంకా ఎక్కువ మాట్లాడి ఉండాల్సింది.

విచిత్రమేమిటంటే, తూర్పున నా బంధువుల మీద వాదన ముగిసిన ఆ ఏడాదే, నవంబరులో, పడమట నా కింద కొత్త కథ మొదలైంది. చుట్టూ ఆకాశహర్మ్యాలు లేచాయి. కొన్ని వేల గుమ్మాల వెనక 70 వేల మంది దాకా ఉంటున్నారు, తిరగడానికి చోటు లేదు. జూడీ మాథ్యూస్, విల్ మాథ్యూస్ దంపతులు 2.5 కోట్ల డాలర్లు ఇస్తామన్నారు. ఆవిడ స్వయంగా నగర ప్రణాళిక చదువుకున్నావిడ. పట్టణ రూపకర్త కెన్ గ్రీన్‌బర్గ్ వాళ్లకు తోడయ్యారు. స్ట్రాన్ నుంచి స్పడైనా దాకా 1.75 కిలోమీటర్లు. మా స్తంభాల మధ్య ఏర్పడే 55 గదులు. కప్పు ఎప్పుడో వేసి పెట్టారు, దాన్ని ఇల్లుగా చూసిన కళ్లు మాత్రం అప్పుడే వచ్చాయి. రెండు కాళ్లూ అడ్డదూలమూ ఉన్న నాలాంటి చట్రాన్ని ఇంగ్లీషులో ‘బెంట్’ అంటారు. జనం నుంచే పేర్లు అడిగి ఈ చోటును ‘బెంట్‌వే’ అని పిలిచారు.

2018 జనవరి 6న ఎముకలు కొరికే చలిలో స్కేటింగ్ దారి తెరిచారు. ఎనిమిది అంకె ఆకారంలో 220 మీటర్ల మంచు నా కాళ్ల చుట్టూ తిరిగింది. ఒక సాయంత్రం, కొడుకును చూడ్డానికి ఈ ఊరొచ్చిన ఒక తెలుగు పెద్దావిడ చీర మీద రెండు కోట్లు తొడుక్కుని, మనవడితో వచ్చి నా పక్క బెంచీ మీద కూర్చుంది.

“ఏమిట్రా ఇది, రోడ్డు కింద తిరునాళ్లలా ఉందే!”

“నువ్వు కూర్చో నానమ్మా, ఒక చుట్టు తిరిగొస్తా.”

“జాగ్రత్తరా, పడేవు.”

“పడితే లేస్తాలే.”

వాడు రెండు చోట్ల పడ్డాడు. ముక్కూ మొహం తెలియని పిల్ల ఒకతె చెయ్యిచ్చి లేపింది. పెద్దావిడ ఆ పిల్లను దగ్గరికి పిలిచి సంచిలోంచి చెగోడీలు తీసి పెట్టింది. పైన మీ కార్లు, లారీలు వేల సంఖ్యలో పోతూనే ఉన్నాయి. నేను పోతపోసినప్పటినుంచీ ఎదురుచూసింది ఇలాంటి సాయంత్రం కోసమేనని అప్పుడు తెలిసింది.

మా వరస వెంబడి మరికొన్ని మంచి పనులూ జరిగాయి. యార్క్ వీధి దగ్గర వలయంలా తిరిగే దిగుడు ర్యాంపును 2017లో తీసేశారు. ఆ చోట మాంట్రియాల్ రూపకర్త క్లాడ్ కార్మియే బృందం గీసిన లవ్ పార్క్ 2023లో తెరుచుకుంది. హృదయాకారపు చెరువు, దాని అంచు మీద కూర్చుని మధ్యాహ్నం భోజనం చేసే ఆఫీసు ఉద్యోగులు. డ్యాన్ లెకీ వే దగ్గరైతే పైరోడ్డు నుంచి కారి మమ్మల్ని తినేసే నీటినే గొట్టాల ద్వారా పట్టి మొక్కల మడులకు పెట్టి చూశారు.

అయితే ఈ కప్పు కింద నిద్రపోయేవాళ్లూ ఉన్నారు. నాకు తూర్పుగా, స్పడైనా దాటాక, ఇల్లు లేనివాళ్లు గుడారాలు వేసుకున్నారు. షెల్టర్లు నిండిపోయిన చలికాలాల్లో వానకూ మంచుకూ తడవని నేల ఇదొక్కటే. 2019లో గుడారాలకు నోటీసులు అంటించారు, తర్వాత యంత్రాలొచ్చి ఊడ్చేశాయి. మంటలు లేస్తాయని, ప్రాణాలు పోతాయని కారణం చెప్పారు. ఆ భయం అబద్ధం కాదు, ప్రొపేన్ స్టవ్వు దగ్గర గుడ్డ అంటుకోవడానికి క్షణం చాలు. కానీ వాళ్లు ఎక్కడికి వెళ్లాలో చెప్పే మాట నోటీసులో ఉన్నంత పెద్దగా వినిపించలేదు. కొందరు కొన్ని వీధుల అవతల మళ్లీ గుడారం వేసుకున్నారు.

స్కేటింగ్‌కు వచ్చిన కుర్రాడికీ గుడారంలోని మనిషికీ మేము వేసే నీడ ఒకటే. ఒకరిని రమ్మని, ఒకరిని పొమ్మని అనడానికి నాకు నోరు లేదు. ఆ నోరు సమావేశాల్లో కూర్చునేవాళ్లకు ఉంది. ఎన్నో సంప్రదింపులు జరిగాయి. పేరు గురించి, రంగుల గురించి, దీపాల గురించి జనాన్ని అడిగారు, అది మంచిదే. మా కిందే అప్పటికే కాపురమున్నవాళ్లు ఆ సమావేశాల్లో ఎందరు కూర్చున్నారో అడగండి.

2023 నవంబరులో ఈ రోడ్డును ఒంటారియో ప్రావిన్సుకు అప్పగించడానికి మేయర్ ఒలీవియా చౌ, ప్రీమియర్ డగ్ ఫోర్డ్ ఒప్పందం చేసుకున్నారు. బాగుచేసే ఖర్చు నగరం నెత్తి మీద నుంచి దిగింది. కూల్చాలా ఉంచాలా అన్న మాట కూడా నగరం చేతిలోంచి జారిపోయిందేమోనని నా బెంగ. యజమాని మారినంత మాత్రాన వాదన ఆగకూడదు. మళ్లీ సమావేశం పెట్టండి, నా కిందే పెట్టండి, జనవరిలో పెట్టండి. గుడారాల వాళ్లకు ముందువరసలో కుర్చీలు వెయ్యండి. ఎజెండాలో మొదటి అంశంగా ఇది రాయండి: స్కేట్లు విప్పుకుని అందరూ ఇళ్లకు వెళ్లిపోయాక, ఇక్కడే ఉండిపోయే మనిషికి ఆ రాత్రి మరుగుదొడ్డి ఎక్కడ, మంచినీళ్లు ఎక్కడ?